ధూండ్ నాటి దెబ్బ

"సచ్చిండు! మా అన్న సచ్చిండు! వదినెనే సంపింది!"

చాందీ కేకతో డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. రంగుల ధూళి ఇంకా గాలిలోనే తేలుతోంది. తండా నడుమ పాతిన గుంజల మధ్య, తాళ్ళతో బిగించిన పాయసం గంగాళం పక్కన కల్యాణ్ బోర్లా పడి ఉన్నాడు. తల మీది ఎర్రంచు గొంగడి ఇంకా జారలేదు. ఆ నల్లటి ఉన్నిలోంచి నెత్తురు ఊరి, చెంప మీదుగా మట్టిలోకి పాకుతోంది... అతని భార్య జమ్లీ అతని మీద పడి, గొంగడి పక్కకు లాగి, రెండు చేతులతో గాయాన్ని అదిమి పట్టుకుంది. ఎంత అదిమినా వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఉబికి వస్తూనే ఉంది! కాసేపటి క్రితం దాకా ఆ చేతుల్లో ఉన్న బరిగె ఇప్పుడు ఆమె మోకాలి కింద పడి ఉంది. అది కూడా నిలువెల్లా తడిసిపోయింది.

"ఓ పిలగాని బాపూ! కండ్లు తెరువయ్యా... జర నా దిక్కు సూడు..."

ఆ మాట పూర్తికాక ముందే ఆడబిడ్డ చాందీ ఆమె జుట్టు పిడికిట పట్టి వెనక్కి లాగింది. "మొగుని నెత్తి పలగ్గొట్టి మల్ల ఏడుస్తున్నవా? నిన్న పూరీలు వత్తుకుంట నువ్వేమన్నవే? గందరి ముందట ఏమన్నవ్?"

జమ్లీ అన్నమాట నిజమే! 'రేపు గేర్‌ల నీ నెత్తి పలగ్గొడ్త సూడు' అని ఆమె మొగుణ్ణి బెదిరించింది. 'నువ్వు కొట్టేదాంక నేను గంగాళం ఎత్తుకపోనా?' అని కల్యాణ్ నవ్వాడు. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. హోలీ ముందు రోజు ప్రతి పెండ్లామూ ప్రతి మొగుడితో అనే మాటే అది. ఇప్పుడు ఆ మాటే ఉరితాడై మెడకు చుట్టుకుంది...

రేగొండ దగ్గరి ఆ తండాలో కరోనా తర్వాత జరుగుతున్న మొదటి హోలీ ఇది. మగపిల్లవాడు పుట్టిన ఇంటి ముందు ధూండ్ వేడుక చేయడం లంబాడీల ఆచారం. పూరీలు, పాయసం నింపిన గంగాళాలను గుంజలకు కట్టి ఆడవాళ్ళు కాపలా కాస్తారు. ఈ గేర్ ఆటలో మగవాళ్ళు గేర్యాలై, తలల మీద గొంగళ్ళు కప్పుకొని చొరబడి, గుంజలు పీకి గంగాళం ఎత్తుకుపోవాలి. వాళ్ళను ఆడవాళ్ళు చితకబాదాలి! ఆ ఒక్క పూట అత్త అల్లుణ్ణి కొట్టినా, మరదలు బావను కొట్టినా, ఎవరికీ కోపం రాకూడదు. అందుకే ఆ పొద్దున కోసుకొచ్చిన పచ్చి వాయిలి బరిగెలే వాడతారు. వాయిలి బరిగె వాత తేలుస్తుంది గానీ బొక్క విరగ్గొట్టదు. ఇన్నేళ్ళలో ఏ గేర్యా నెత్తీ పగలలేదు. ఇన్నాళ్ళకు తిరిగొచ్చిన పండుగలో, జమ్లీ కొడుకు ధూండ్‌లోనే పగిలింది!

తండా నాయక్ హీర్యా జనాన్ని చీల్చుకొని వచ్చాడు. ఆరడుగుల మనిషి, అరిస్తే అవతలి గుట్టకు వినిపిస్తుంది. "ఆటో తియ్యుండ్రి! భూపాలపల్లి దవాఖానకు పట్టుకపోండ్రి. ఇగ చెప్పుండ్రి, కొట్టంగ ఎవలు సూసిండ్రు?"

ముప్పై బరిగెలు ఒక్కసారి లేచిన చోట, కళ్ళల్లో గులాలు, దుమ్ము నిండిన చోట, ఎవరు ఎవరిని కొట్టారో ఎవరికి తెలుస్తుంది?

"మా యాడిని అడుగు నాయక్!" చాందీ తల్లి వైపు చేయి చూపింది. "యాడి గాన్నే ఉన్నది. యాడీ, చెప్పు! నీ కొడుకును ఎవలు కొట్టిండ్రు?"

ఇంటి గోడకు ఆనుకొని నిలబడ్డ తుల్సీబాయి ఏడవడం లేదు. ముసుగు కొంగు నోట్లో కుక్కుకొని, నేల మీద పడ్డ ఆ గొంగడినే చూస్తోంది. "గొంగడి కింద... నా కొడుకున్నడా..." అని గొణిగింది. తర్వాత అందరి చూపులూ తన మీదే ఉన్నాయని గ్రహించి, కళ్ళు మూసుకొని చేయి ఎత్తింది. ఆ చేయి కోడలి వైపు తిరిగింది.

"ఆమెనే... జమ్లీనే..."

అత్తా! జమ్లీ ఆ చేతినే చూస్తుండిపోయింది. వెన్ను మీద మొదటి దెబ్బ పడ్డా నొప్పి తెలియలేదు. తర్వాత ఎన్ని పడ్డాయో! అదే వాయిలి బరిగెలు, అవే చేతులు. ఇప్పుడు ఆట కాదు, నిజం కోపం. రవిక అద్దాలు పగిలి వీపులో దిగబడ్డాయి. పెదవి చిట్లింది. ఒకామె కాలితో తన్నింది. జమ్లీ చేతులు అడ్డు పెట్టుకోలేదు... గుమ్మం ముందు చీరతో కట్టిన ఊయలలోంచి చాందీ పసివాణ్ణి లాక్కుంటుంటే మాత్రం పులిలా లేచింది.

"నా కొడుకును ముట్టకు! పాలు తాగే పిల్లగాడు! ఇడువ్!"

"మొగుణ్ణి తిన్నదానికి కొడుకెందుకే? మా ఊరు కాటారం తోలుకపోయి నేను సాదుకుంట. నువ్వు జైళ్ళ మగ్గు!"

హీర్యా అడ్డొచ్చి ఆడవాళ్ళను నెట్టేశాడు. "సంపుతరా ఏంది? పోలీసోళ్ళు దవాఖానకే వస్తుండ్రు. గాడ అప్పజెప్తం. పిల్లగాడు చాందీ కాడనే ఉంటడు. పంచాయితీ మాట గిది!"

ఆ మాట బరిగె దెబ్బల కన్నా లోతుగా దిగింది. పిల్లవాడు పోతే తనకిక ఏముంది?

పిల్లవాడి గుడ్డలైనా ఇచ్చి పంపిద్దామని ఆమె ఇంట్లోకి పరుగెత్తింది. గోచిగుడ్డలు వెతుకుతుంటే చేయి తగిలి, మూలన నిలబెట్టిన రోకలి దొర్లింది. తడిగా ఉంది! పండుగ నాడు దంపుడు ఎక్కడిది? రోకలి ఎవరు కడిగారు? చివరన ఉన్న ఇనుప పొన్ను అంచుకు ఏదో అంటుకొని ఉంది. గోటితో లాగి చూసింది. నల్లటి ఉన్ని... గొంగడి ఉన్ని!

వెనక గుమ్మంలో ఎవరిదో నీడ పడింది. తిరిగి చూస్తే అత్త! తుల్సీబాయి చూపు రోకలి మీద, తర్వాత కోడలి వేళ్ళ మధ్య ఉన్న ఉన్ని మీద ఆగింది. ముసలామె గడప మీద కూలబడిపోయింది.

జమ్లీకి అంతా ఒక్క మెరుపులో అర్థమైంది. ఎర్రంచు గొంగడి కల్యాణ్‌ది కాదు... హీర్యాది! నాయక్ గొంగడి తండాలో అందరికీ తెలుసు. గేర్ మొదలయ్యే క్షణంలో, 'గిన్నేండ్లకు వచ్చిన పండుగ, మొదటి ధూండ్ నీ కొడుకుదే, ఇయ్యాల నాయక్‌వు నువ్వేరా' అని హీర్యా తన గొంగడి తీసి కల్యాణ్ తలకు చుట్టాడు. అప్పుడు తుల్సీబాయి ఇంట్లో ఉంది. ఆమె అది చూడలేదు. బయటకొచ్చి, గుంజ పీకుతూ వంగిన గొంగడిని చూసింది... మనిషిని చూడలేదు! ఆ గులాల ధూళిలో కొట్టి, ఎవరూ చూడకముందే లోపలికి పోయి రోకలి కడిగేసింది!

హీర్యా మీద అత్తకు ఎంత పగ ఉందో జమ్లీకి తెలుసు. మొదటి కరోనా ఎండాకాలంలో మామ పూణేలో కూలి పని పోయి, కాలినడకన తండాకు చేరుకున్నాడు. హీర్యా బాటకు అడ్డంగా ముళ్ళకంప కొట్టించాడు. 'జరమున్నది, లోపలికి రావొద్దు' అన్నాడు. ముసలాయన కంప అవతల ఇప్పచెట్టు కింద పడుకొని, 'తుల్సీ, నీళ్ళు' అని పిలుస్తూనే ఉన్నాడు. చెంబు పట్టుకొని ఉరికిన తుల్సీబాయిని నలుగురు మగవాళ్ళు రెక్కలు విరిచి పట్టుకున్నారు. తెల్లారేసరికి పిలుపు ఆగిపోయింది... ఆ రోజు నుండి ఆమె హీర్యా పేరు నోటితో పలకలేదు. అందరూ మరిచిపోయిందనుకున్నారు. ఎంత కొట్టినా ఎవరూ అడగని ఈ ఒక్క పూట కోసం ఆమె కాచుకొని కూర్చుందని ఎవరికి తెలుసు!

మరి తన కొడుకును తానే కొట్టుకున్న తల్లి, ఆ నేరం కోడలి మీద ఎందుకు వేసింది? భయమా? పిచ్చా? జమ్లీకి కోపం పొంగుకొచ్చింది. ఈ రోకలి తీసుకొని బయటకు పోతే చాలు! కొడుకు తన ఒడికి వస్తాడు... కానీ ఒకటి గుర్తొచ్చింది. మరుసటేడు తనకే కరోనా వచ్చి గుడిసెలో ఒంటరిగా పడి ఉన్నప్పుడు, తలుపు తీసుకొని లోపలికొచ్చింది ఒక్క తుల్సీబాయే. 'మీ మామ కాడికి పోనియ్యలే నన్ను. నీ కాడికి రాకుంట ఎవలాపుతరో సూస్త' అంటూ తలను ఒళ్ళో పెట్టుకొని పలుచటి జొన్న గట్క తాగించింది. ఆ చేతుల్ని పోలీసుల చేతుల్లో ఎలా పెట్టేది?

జమ్లీ రోకలిని మంచం కిందికి నెట్టి, గుడ్డలు తీసుకొని బయటకు నడిచింది.

భూపాలపల్లి దవాఖాన వరండాలో అందరూ నిలబడి ఉన్నారు. లోపల డాక్టర్లు కల్యాణ్ తలకు కుట్లు వేస్తున్నారు. చాందీ చంకలో పసివాడు పాల కోసం గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపుకు జమ్లీ రవిక పాలతో తడిసిపోతోంది. చేతులు చాపితే చాందీ వెనక్కి జరిగింది.

ఎస్సై వచ్చి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. "చూడమ్మా, డాక్టరు ఇది పచ్చి బరిగె దెబ్బ కాదంటున్నాడు. గట్టి కర్రో, రోకలో అంటున్నాడు. నిజం చెప్పు. ఎవరు కొట్టారు?"

జమ్లీ నోరు తెరవబోయింది. అంతలో లోపలి నుండి నర్సు బయటకొచ్చింది. "పేషెంటు కళ్ళు తెరిచిండు. ప్రాణానికి భయం లేదు, కానీ హనుమకొండకు తీసుకపోవాలె. 'యాడి ఏది, యాడి ఏది' అని అడుగుతుండు. ఎవరమ్మా వాళ్ళమ్మ?"

బతికాడు! చావు నోట్లోంచి వచ్చి మొదట అడిగింది తల్లిని! జమ్లీ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. ఆ మనిషికి ఇప్పుడు నిజం చెబితే, రోకలి చేయలేని పని ఆ మాట చేస్తుంది...

"నేనే సారూ," అంది జమ్లీ. "రోకలితోని నేనే కొట్టిన. మొగుడు పెండ్లాలం, లొల్లి పెట్టుకున్నం. నన్ను తోలుకపోండ్రి. పోయే ముందట ఒక్కసారి నా కొడుక్కు పాలియ్యనియ్యుండ్రి, గంతే." ఆమె అత్త వైపు తిరిగింది. "అత్తా, నువ్వు లోపలికి పో. నిన్నే అడుగుతుండు. నువ్వు కనవడకుంటే పరేషాన్ అయితడు."

"సూసిండ్రా! ఒప్పుకున్నది దొంగముండ!" అంది చాందీ.

తుల్సీబాయి రెండడుగులు వేసింది. తలుపు దగ్గర ఆగిపోయింది. లోపలి నుండి 'యాడీ...' అని సన్నగా వినిపించింది. ఆమె చేయి తలుపు మీద పెట్టింది గానీ తోయలేకపోయింది. ఒక్కసారిగా వెనక్కి తిరిగి, చాందీ చెంప ఛెళ్ళుమనిపించింది!

"పిల్లగాణ్ణి వాని తల్లికియ్యి! ఇయ్యమంటున్ననా!"

చాందీ బిత్తరపోయి పసివాణ్ణి జమ్లీ చేతుల్లో పెట్టింది. తుల్సీబాయి హీర్యా ముందుకు నడిచింది. రెండేళ్ళుగా పలకని పేరు పలికింది.

"హీర్యా! గా దెబ్బ నీదిరా! నా మొగుడు నీళ్ళడుగుతుంటే ముండ్లకంప కొట్టినవు గదా, గా నీళ్ళ బాకీ నీ నెత్తి మీదనే తీర్సుకుందామనుకున్న! నీ గొంగడి నీ మీదనే ఉండాలె గదరా... నా కొడుకుకు ఎందుకు కప్పినవ్? ఎందుకు కప్పినవురా!"

హీర్యా ఒకడుగు వెనక్కి వేశాడు. ఎస్సై లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా నువ్వనేది? అంటే కొట్టింది ఎవరు? పేరు చెప్పు."

"వద్దత్తా! నీ కాల్మొక్త, చెప్పొద్దు!" జమ్లీ పసివాణ్ణి ఒక చేత్తో పొదువుకొని, రెండో చేత్తో అత్త నోరు మూసింది. "నేనొప్పుకున్న గదా! ఆయన ఇంటే ఎట్ల బతుకుతడు?"

తుల్సీబాయి ఆ చేతిని మెల్లగా తీసింది. ఆ అరచేతిని కళ్ళకద్దుకుంది. "బిడ్డ అసొంటి నీ మీద నా పాపం ఏసిన. అది తెలిసి కూడ మోస్తున్నవు గదనే... ఇగ సాలు, దించు!"

ఆమె కన్నీళ్ళు తుడుచుకోలేదు. లోపల ఉన్న కొడుక్కు కూడా వినపడేంత గట్టిగా, వరండా అంతా మార్మోగేలా చెప్పింది.

"ఇను సారూ! కల్యాణ్‌ను కొట్టింది వాన్ని కన్న యాడి... తుల్సీబాయి!"