టీ అడిగే పంపు

చీకటి పడ్డాక జిగురు గదిలోకి ఒంటరిగా వెళ్లకూడదని ఆ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. గేటు దగ్గరి కాపలావాడికి తెలుసు, లారీలు కడిగేవాడికి తెలుసు. మేనేజరు మాత్రం అలాంటివి తాను నమ్మనని చెప్పేవాడు. అయితే చీకటి పడ్డాక ఆయన అటువైపు వెళ్లగా చూసినవాళ్లెవరూ లేరు.

గది పెద్దదేం కాదు. ఒక పక్క ఘాటైన వాసన కొట్టే జిగురు తొట్టి. ఇంకో పక్క, గోడ వారగా, ఒక పంపు. తొట్టిలోని జిగురును పంపు తోడి, పైపు గుండా అవతలి షెడ్డుకు పంపుతుంది. అక్కడ డబ్బాల్లో నింపుతారు. పంపు ఆగితే పైపులో జిగురు ఆగుతుంది. ఎక్కువసేపు ఆగిన జిగురు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంతటి మొనగాడైనా పైపును కోసి పారేయాల్సిందే.

ఆ పంపు... తనంతట తాను ఆగేది. తనంతట తానే మళ్లీ మొదలయ్యేది.

స్విచ్చి ఉంటే ఎవడో ఆకతాయి నొక్కాడనుకోవచ్చు. దానికి స్విచ్చే లేదు. కరెంటు తీగ కూడా లేదు. గొట్టంలోంచి వచ్చే గాలి ఒత్తిడికి లోపల రెండు రబ్బరు పొరలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, అంతే. దబ్... దబ్... దబ్... అచ్చం మనిషి గుండెలాగా. ఆగే ముందు ఎగశ్వాస తీస్తున్నట్టు నెమ్మదించేది. దబ్...... దబ్......... ఇక నిశ్శబ్దం. కాసేపయ్యాక, ఎవరూ ముట్టుకోకుండానే — దబ్!

పైగా ఆ మూలంతా చలి. బయట ఎండకు రేకులు కాలిపోతున్నా సరే, పంపు పక్కన నిలబడితే ఎవరో చెవిలో చల్లగా ఊదినట్టుండేది.

ఇదంతా ఎప్పటినుంచో కూడా అందరికీ తెలుసు. గొణుగుడు మామ పోయినప్పటినుంచి.

పంపు వచ్చిన రోజు నుంచీ దాన్ని నడిపింది ఆయనే. తెల్లగడ్డం, మెడలో తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఏదో గొణుగుడు. జిగురు చిక్కగా ఉందని, చెప్పులు కరుస్తున్నాయని, ఇవాళ మరీ ఎండగా ఉందని, నిన్న బొత్తిగా ఎండ లేదని. అన్నిటికంటే ఎక్కువగా, టీ చల్లారిపోయిందని.

క్యాంటీను నడిపేది ఆయన భార్య. అందరూ ఆమెను క్యాంటీనత్త అనేవారు. ఆమె పొగలు కక్కే టీ పెద్ద స్టీలు గ్లాసులో పోసి పంపేది. మామ ఒక గుటక వేసి, గ్లాసు పెట్టి, పనిలో పడేవాడు. మళ్లీ అందుకునేసరికి చల్లటి నీళ్లు. అంతే, ఇల్లు చేరేదాకా అదే పాట. "ఫ్యాక్టరీకంతా వేడి టీ పోస్తావు. కట్టుకున్నవాడికి మాత్రం మిగిలింది పంపుతావా?" అత్త ఒట్లు వేసేది. ఆయన నమ్మేవాడు కాదు.

ఒక్కోసారి అత్త గట్టి జవాబే చెప్పేది. అప్పుడు మామ గొణుగుడు టక్కున ఆగిపోయేది. కాసేపు గోడ వంక చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెట్టేవాడు. ఓడిపోయానని మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆయన జబ్బు చేసి ఇంట్లోనే పోయాడు. ఆ వారంలోనే పంపు ఆగడం మొదలైంది.

మామ స్థానంలోకి వచ్చిన ఆపరేటరుకు బారెడు మీసాలుండేవి, గుండెలో ధైర్యం మాత్రం అంతగా ఉండేది కాదు. మొదటిసారి పంపు ఆగి, తనంతట తానే కదలడం చూసి కాళ్లకు బుద్ధి చెప్పినవాడు, క్యాంటీను దాకా వెళ్లిగానీ ఆగలేదు. అత్త అంతా విని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆయనే. టీ కావాలని..."

గ్లాసు నిండా టీ పోసి అతని చేతికే ఇచ్చింది. మీసాలాయన వెళ్లి, మామ ఎప్పుడూ పెట్టే చోటే, పంపు నెత్తిన, గ్లాసు పెట్టాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొక్కుకోవడానికి దేవుళ్ల పేర్లు కూడా గుర్తురాలేదు.

దబ్!

ఇంకేముంది? ఆ రోజు నుంచి పంపు ఆగితే టీ. టీ పెడితే పంపు. అత్త అప్పుడప్పుడు తనే తెచ్చి, పక్కన కూర్చుని, ఇంటి సంగతులన్నీ ఆయనకు చెప్పి వెళ్లేది.

దీనివల్ల నిద్ర పట్టనిది ఒక్కరికే. మరమ్మతుల విభాగం చూసే స్పానరక్క. చేతిలో స్పానరు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు, అందుకే ఆ పేరు. ఆ పంపును ఏరికోరి తెప్పించింది ఆమే. జిగురులో కలిపే ద్రావకం ఆవిరి గదంతా నిండి ఉంటుంది. మోటారు పెడితే, ఎక్కడో ఒక నిప్పురవ్వ ఎగిరితే, గదీ మిగలదు, గదిలో మనిషీ మిగలడు. అందుకే గాలితో నడిచేది కావాలని పైవాళ్లతో పోట్లాడి మరీ తెచ్చింది.

దెయ్యం సంగతి తేల్చుదామని వెళ్లేది. వెళ్లేసరికి పంపు చక్కగా దబదబలాడుతుండేది, డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలాగా.

ఆఖరికి మేనేజరుకు ఓపిక నశించింది.

"చూడమ్మా, దీన్ని నడపాలంటే ఆపరేటరు కావాలా, క్యాంటీను కావాలా? ఈ రాత్రి గనక ఆగిందంటే, రేపు పీకేసి మోటారు పంపు పెట్టించేస్తాను."

"సార్, ఆ గదిలో మోటారు..."

"జాగ్రత్తగా పెడదాం."

నిప్పురవ్వకు జాగ్రత్త అంటే ఏం తెలుసు? ఆ గదిలో రోజూ నిలబడే మీసాలాయన ఇంట్లో ఇంకా నడక రాని పాప ఉంది.

పోనీ అత్త టీతో గట్టెక్కుదామంటే, సరిగ్గా ఆ రోజే ఆమె కూతురింటికి వెళ్లింది. క్యాంటీనుకు తాళం.

"నేను టీ పెడతాలే," అంది స్పానరక్క.

"లాభం లేదక్కా," మీసాలాయన గొంతు తగ్గించాడు. "ఆయన అత్త చేతి టీ తప్ప ముట్టడు."

చీకటి పడింది. స్పానరక్క ఒక ఖాళీ డబ్బా బోర్లించి, పంపుకు ఎదురుగా కూర్చుంది. మీసాలాయన గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆవిరి చొరబడకుండా బిగించిన గాజు బుడ్డిలో ఒక్క కరెంటు దీపం. తొట్టిలో అప్పుడప్పుడు ఒక బుడగ లేచి, బుడుంగుమని పగులుతోంది.

దబ్... దబ్... దబ్...

బాగానే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

దబ్.... దబ్......

"అక్కా," గుమ్మం నుంచి గుసగుస, "నెమ్మదిస్తోంది..."

"వినపడుతోంది. నోర్ముయ్."

దబ్......... దబ్............

ఆగిపోయింది.

అంత నిశ్శబ్దంలో తన గుండె చప్పుడు తనకే పంపులా వినిపించింది స్పానరక్కకు. లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికి వెళ్లింది. చెంపకు చల్లగా తగిలింది... ఎవరో ఇప్పుడే ఊపిరి వదిలినట్టు.

దెయ్యాలు లేవని ఆమెకు తెలుసు. తెలిసి కూడా, నోరు తనంతట తానే అనేసింది. "మామా... నువ్వేనా?"

దీపం వెలుగులో వంగి చూసింది. ఒళ్లు జలదరించింది.

పంపు నెత్తిన, గాలి బయటికి వదిలే మూతి చుట్టూ... తెల్లగా, గుబురుగా... గడ్డం!

వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. కానీ పరుగెత్తితే రేపు ఇక్కడ మోటారు. ఆ ఆలోచన రాగానే భయం కంటే ఒళ్లుమంట ఎక్కువైంది. "మామవైతే అవ్వు, ఎవడివైతే అవ్వు. ఈ పంపు నాది," అంటూ రెండు చేతులూ చాచి ఆ గడ్డాన్ని గట్టిగా పట్టుకుంది.

కొరికింది!

అరచేతులు మండిపోయాయి. వదల్లేదు. పళ్లు బిగించి అలాగే పట్టుకుంది. వేళ్లకు స్పర్శ పోయింది. ఆ తర్వాత... ఆమె చేతుల కింద ఏదో చిన్నగా కదిలింది.

దబ్!

స్పానరక్క కెవ్వుమంది. గుమ్మం దగ్గరి మీసాలు మాయమయ్యాయి. పరిగెత్తే చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది.

దబ్... దబ్... దబ్... పంపు హాయిగా నడుస్తోంది. ఆమె చేతులను దీపం దగ్గర పెట్టి చూసుకుంది. రక్తం లేదు, గాటు లేదు. చేతులు తడిగా ఉన్నాయి. మణికట్టు మీదుగా నీళ్లు కారుతున్నాయి.

మంచు. గడ్డమంతా ఉత్త మంచు!

డబ్బా మీద కూలబడి పగలబడి నవ్వింది. బిగబట్టిన గాలిని ఒక్కసారిగా వదిలితే చల్లబడుతుంది. ఆ గాలిలో తడి ఉంటే, వదిలే మూతి దగ్గరే మంచై పేరుకుంటుంది. మూతి మూసుకుపోతే పంపుకు ఊపిరాడదు, ఆగుతుంది. మంచు కరగగానే మళ్లీ నడుస్తుంది. దెయ్యమూ లేదు, పాడూ లేదు. పైన వేడి టీ గ్లాసు పెడితే ఇంకా తొందరగా కరుగుతుంది...

ఆమె నవ్వు ఆగిపోయింది.

మామ గ్లాసు. ఏళ్ల తరబడి, గంటగంటకూ, ఆయన వేడి టీ గ్లాసు అక్కడే ఉండేది. ఆయనకు మంచు సంగతీ తెలియదు, పాడూ తెలియదు. ఆ గదిలో గ్లాసు నిలిచేంత చదును ఇంకెక్కడా లేదు, అందుకని పెట్టేవాడు. ఆయన తిరిగొచ్చాడు కాబట్టి పంపు ఆగుతోందని అందరూ అనుకున్నారు. ఆయన రావడం మానేశాడు కాబట్టి ఆగుతోంది.

ఆ ముసలాయన లేని లోటు ఆ క్షణంలో తెలిసింది స్పానరక్కకు. కళ్లు చెమర్చాయి.

మిగిలిన రాత్రంతా వేడినీళ్ల గ్లాసులు మార్చిమార్చి పంపు మీద పెట్టింది. ధైర్యం కూడగట్టుకుని తొంగిచూసిన మీసాలాయన, అక్కకు కూడా పూనిందని గేటు దగ్గర చెప్పొచ్చాడు.

తెల్లారాక మేనేజరును పంపుకు గాలి అందించే ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి, అడుగున తుప్పుపట్టిన కుళాయిని స్పానరుతో తిప్పింది. గాలి రావలసిన చోట బుడబుడమంటూ నీళ్లు. బూట్లు తడిసిన మేనేజరు ఎగిరి వెనక్కి దూకాడు.

"ఇన్ని నీళ్లా!"

"రోజూ వదిలేయాల్సినవి సార్. ఎవరూ వదల్లేదు. గాలిని ఆరబెట్టే యంత్రం కూడా పెట్టాలి, అది నేను అప్పుడే అడగాల్సింది. పెళ్లికొడుకును చూసి మురిసిపోయానే తప్ప, వాళ్లింట్లో నీళ్లెలా ఉన్నాయో కనుక్కోలేదు."

మేనేజరు తడిసిన బూట్ల వంక చూసుకుని, మోటారు మాట మళ్లీ ఎత్తలేదు.

అత్త తిరిగొచ్చేసరికి కొత్త యంత్రం బిగించడం కూడా అయిపోయింది. పంపు ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. ఫ్యాక్టరీ అంతా సంబరంగా ఉంది, స్పానరక్కకు తప్ప. దెయ్యాన్ని వెళ్లగొట్టడం తేలికే. ఆ దెయ్యంతో రోజూ ఇంటి సంగతులు చెప్పుకునే మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి?

చెప్పక తప్పలేదు. క్యాంటీను బల్ల దగ్గర కూర్చుని, మంచు, తడి, గ్లాసు, అంతా మెల్లగా చెప్పింది. అత్త చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ముఖంలో ఏమీ తెలియడం లేదు.

"క్షమించత్తా..."

"ఆగు తల్లీ." అత్త గొంతు వింతగా ఉంది. "ఆ పంపు నెత్తిన మంచు పడుతుందన్నావు."

"అవును."

"ఈయన టీ గ్లాసు... ఆ మంచు మీద పెట్టేవాడా?"

"అవునత్తా."

"అయితే టీ చల్లారదూ?"

"ఇట్టే చల్లారిపోతుంది."

గరిట బల్ల మీద ఠంగుమంది. "ఏళ్లు! ఏళ్ల తరబడి నా ప్రాణం తీశాడమ్మా! మిగిలింది పంపానన్నాడు! పెళ్లిలో, పేరంటంలో, కనపడినవాళ్లందరికీ చెప్పాడు!" అంటూ కొంగు నడుముకు దోపి, జిగురు గది వైపు దూసుకుపోయింది. స్పానరక్క వెనకాలే పరుగెత్తింది.

సాయంత్రం చీకటి పడుతోంది. పంపు నింపాదిగా గొణుగుతోంది. దబ్... దబ్... దబ్...

"ఏమయ్యా!" అత్త దాని ముందు నడుము మీద చేతులు పెట్టి నిలబడింది. "విన్నావా? నా టీ ఎప్పుడూ వేడిగానే ఉంది! చల్లార్చింది నువ్వూ, నీ పంపూ! ఇప్పుడు చెప్పు, తప్పెవరిది?"

దబ్...

ఆగిపోయింది.

స్పానరక్క గబగబా వెళ్లి పంపు నెత్తిన చెయ్యి పెట్టింది. మంచు లేదు. తడి లేదు. పొడిగా, గోరువెచ్చగా ఉంది. గాలి మీటరు చూసింది. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.

"అత్తా..." గుసగుసలాడింది, "ఇది ఆగకూడదు..."

అత్త మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. కళ్లనిండా నీళ్లు, ముఖమంతా నవ్వు.

"జవాబు దొరకలేదులే. ఎప్పుడూ అంతే." కొంగుతో కళ్లు ఒత్తుకుని గుమ్మం వైపు తిరిగింది. "సరే సరే, మూతి ముడుచుకోకు. వేడిగా టీ తెస్తాను."

ఆమె గడప దాటిందో లేదో, స్పానరక్క అరచేతి కింద —

దబ్!