కొట్టమల కొండకు కొత్త పెద్ద

తేయాకు ఫ్యాక్టరీలో పన్నెండు గంటల సైరన్ మోగుతుండగా ఇంజనీర్ భార్గవిని కాల్చేశారు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. బల్ల మీద సగం తాగిన కట్టన్ చాయ, పాలు లేని టీ, మిగిలింది. ఛార్జింగ్‌కు పెట్టిన పదిహేడో నంబర్ సెన్సర్ మాయమైంది.

కొండ జారబోతే ముందే పసిగట్టేలా వాలంతా నలభై వైర్‌లెస్ సెన్సర్లు పాతింది ఆమె. కింద డ్యాం, దాని కింద మూడు ఊళ్లు. ఆ వాలును పేల్చి డ్యాంలో పడేయాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"హంతకుడు ప్రాణాలతో కావాలి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

"చూద్దాం సార్," అన్నాడు ఏజెంట్ కురువిళ. అతనికి పని నేర్పింది భార్గవే.

మర్నాడు పదకొండున్నరకు తోట మేస్త్రీ వేషంలో, గొడుగు పిడిలో రిసీవర్ దాచుకుని కొండెక్కాడు. హెడ్ క్వార్టర్స్ పంపిన సెలీన్ వెంట నడిచింది. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు, భుజాన తోలు సంచి.

"ఆ పదిహేడే కదా వీటికి నాయకుడు? అదే పోయాక మిగతావి ఎవరి మాట వింటాయి, కురువిళా?"

"పుట్టుకతో నాయకుడంటూ వీటిలో లేడు. పక్కపక్కనున్నవి మాట్లాడుకుని, బ్యాటరీ ఎక్కువున్నదాన్ని పెద్దను చేసుకుంటాయి."

రిసీవర్ కీచుమంది. కొత్త పెద్ద పేరు వచ్చింది. పదిహేడు. బ్యాటరీ తొంభై ఎనిమిది శాతం. దూరం రెండడుగులు.

కురువిళ సంచి లాగేసుకున్నాడు. లోపల సెన్సర్, దాని పక్కనే చిన్న తుపాకీ.

సెలీన్ ముఖం పాలిపోయింది. "స్విచ్ ఆపేశానే!"

"మా చేచ్చి, మా భార్గవక్క, స్విచ్‌లను నమ్మేది కాదులే. ఆపినా లోపల అది పనిచేస్తూనే ఉంటుంది."

ఇరుగుపొరుగు సెన్సర్లు కొత్త పెద్దకు కబుర్లు చేరవేస్తున్నాయి. అవి రిసీవర్‌కూ అందాయి. ఎదుటి రాతిబండ కింద రాత్రి తవ్వకం జరిగిందట. కురువిళ ఆమెను అక్కడికి ఈడ్చుకెళ్లి, అక్కడ పాతిన డైనమైట్ పెట్టెకే బేడీ వేశాడు. పెట్టె మీది గడియారంలో పేలడానికి రెండు నిమిషాలున్నాయి.

"ఏ తీగ కొయ్యాలి?"

"నువ్వూ చస్తావు!"

"చావనీ. నీ పక్కనే కూర్చుని చూస్తా."

అన్నంత పనీ చేశాడు. బండకు ఆనుకుని కూర్చుని బీడీ తీశాడు. తాపీగా వెలిగించాడు. అది చూసి సెలీన్ బేడీని గుంజుకుంది. పది సెకన్లుండగా అరిచింది. "నీలం! నీలం తీగ!"

కత్తి ఆడింది. గడియారం మూడు సెకన్ల దగ్గర ఆగింది. కింద ఫ్యాక్టరీ సైరన్ మోగింది.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో అడిగాడు. "మన మనిషే ద్రోహి అని నీకు చెప్పిందెవరోయ్?"

పదిహేడును దాని గుంటలో పెట్టి మట్టి కప్పుతున్నాడు కురువిళ.

"నలభై మంది సార్. అందరూ చేచ్చి మనుషులే."