పైన రెండు కట్టలు

జీపు బస్సును దాటి రోడ్డుకు అడ్డంగా ఆగుతుంది.

బ్రేక్... బస్సంతా ముందుకు తూలుతుంది.

సుజాత ఒక చేత్తో ఏడాది కూతురు దీవెనను హత్తుకుంటుంది. రెండో చెయ్యి కాళ్ల దగ్గరున్న గుడ్డసంచి మీద.

మధ్యాహ్నం మూడు. మేడిపల్లి దాటారు. నాలుగింటికి జగిత్యాలలో తెలంగాణ పార్టీ ఆఫీసులో మీటింగ్. కోరుట్ల, సిరిసిల్ల సీట్లకు ఉప ఎన్నికలు. కోరుట్లలో నిలబడాలా, సీటు వదిలేయాలా... సర్వే చూసి తేలుస్తారు.

ఆ సర్వే చేసింది సుజాతే. ఏడో తరగతిలో బడి మానేసింది. అయినా కోరుట్లలో బీడీలు చుట్టే తన వాడకట్టులో రాయడం వచ్చింది ఆమెకొక్కదానికే.

జీపులోంచి జలపతి దిగి బస్సెక్కుతాడు.

జగిత్యాల కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునేది అతనే. అధికార పార్టీ మనిషి. తెలంగాణకు ఓటన్న ఆడదాని బీడీ కార్డు చించేస్తానన్నాడు. కార్డు చిరిగితే పని లేదు.

నలభై మంది ఆడవాళ్లు. నలభై కార్డులు.

"ఏమే, సర్వే చేసినవంటగా. కాయిదాలు తియ్."

"ఏం కాయిదాలు సేటూ?"

"సంటిపోరి ఉన్నదని ఊకుంటున్న. తియ్."

కండక్టర్ అడ్డం వస్తాడు. "ఆడమనిషి సార్, జర..."

"నువ్వు టికెట్లు కొట్టుకో పో."

దీవెన దుప్పటి మడతలోంచి కాగితాలు బయటికొస్తాయి.

జలపతి తిరగేస్తాడు. ప్రతి కాగితం మీద పేరు, ఇంటి నంబరు, టిక్కు. ఒకటి. పది. నలభై...

అన్నీ అధికార పార్టీకే!

అతని మొహం విచ్చుకుంటుంది. ఫోన్ తీస్తాడు.

"సార్, కోరుట్ల మనదే. రేపటి సభ వద్దు. బండ్లన్ని సిరిసిల్లకు తోలుండ్రి."

దిగబోతుంటే కాలికి సంచి తగులుతుంది.

"గిదేంది?"

"కొత్తాకు బీడీలు సేటూ. మనిషికో కట్ట చూపెట్టుమన్నరు గద."

సంచి మూతి విప్పుతాడు. చెయ్యి లోపలికి పోతుంది.

దీవెన ఏడుపు అందుకుంటుంది.

రెండు కట్టలు తీస్తాడు. వాసన చూస్తాడు.

"పనికిరావు."

రెండూ జేబులో వేసుకుని దిగిపోతాడు.

*

నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలు. పార్టీ ఆఫీసు.

సర్వేలు చూసే దివాకర్ ఎదురొస్తాడు. "కాయిదాలేవి చెల్లె?"

"జలపతి గుంజుకున్నడు."

"అయిపాయె. కోరుట్ల ఇడిసిపెట్టుడే."

సుజాత సంచిని టేబుల్ మీద బోర్లిస్తుంది.

"కాయిదాల మీద పేర్లున్నయన్నా. జలపతి చేతిల పడితే కార్డు చిరుగుతది. ఎవలు నిజం చెప్తరు? నిజం గీ కట్టలల్ల ఉన్నది. ఎర్రదారం కడితే ఆళ్లకు, నల్లదారం కడితే తెలంగాణకు. కార్ఖానోళ్లు ఎప్పుడూ ఇచ్చే దారాలే. అనుమానం రాదు."

దివాకర్ లెక్కపెడతాడు. నల్లవి ముప్పై ఒకటి. ఎర్రవి ఏడు.

"రెండు తక్కువున్నయి."

"ఆయన జేబుల ఉన్నయి. రెండూ ఎర్రయే."

"నీకెట్ల ఎరుక?"

"నాలుగేండ్లసంది చూస్తున్న. ఎవలి సంచి ఇప్పినా పైన రెండు కట్టలు ఆయనకే పోతయి. గందుకే ఎర్రయి పైన పెట్టిన."

దివాకర్ నవ్వుతాడు. ఠక్కున నవ్వు ఆగుతుంది.

"ఆగు. కాయిదాలు గా బస్సుల వస్తున్నయని ఆయనకెవలు చెప్పిండ్రు? మనోళ్లల్లనే ఎవలో ఉన్నరు."

సుజాత కొంగుతో దీవెన మూతి తుడుస్తుంది.

"ఉన్నరు. నేనే. గా కాయిదాలు చూస్తెనే గద ఆయన కోరుట్లను ఇడుస్తడు."

కిటికీ బయట జెండాలు కట్టిన జీపులు సిరిసిల్ల వైపు పోతున్నాయి. ఒకటి. రెండు. పది...