తిరగేసిన బిట్టు

చంద్రుడి మీద ఊరు వెలిసిన ముప్పయ్యో ఏటికి తాళంచెవి అన్న మాటే జనం మరిచిపోయారు. ప్రతి మనిషికీ ఒక అనుమతి సంఖ్య ఉండేది. అందులో సున్నా గానీ ఒకటి గానీ ఉండే అరవై నాలుగు గడులు, అంటే బిట్లు; ఒక్కో తలుపుకి ఒక్కో బిట్టు. తలుపు ముందు నిలబడితే కావలి యంత్రం ఆ బిట్టు చూసేది. ఒకటి ఉంటే తెరిచేది, సున్నా అయితే లేదు.

ఆ పద్ధతిని నడిపే ఇంజనీరు సుభాషిణి. అనుమతి ఇవ్వడానికి 'ఆర్' అనే ఆజ్ఞ, తీసేయడానికి 'అండ్ నాట్' అనే ఆజ్ఞ. రెండింటికీ పాలకసంఘం సంతకం కావాలి. పరీక్షల కోసమని 'ఎక్సార్' ఒక్కటి ఆమె చేతికి వదిలేశారు. అది బిట్టును తిరగేస్తుంది: ఒకటిని సున్నా చేస్తుంది, సున్నాను ఒకటి చేస్తుంది.

పరిశీలన గోపురంలో టెలిస్కోపు దగ్గర కుర్చీ ఒక్కటే. దానికోసం పదేళ్లుగా ఎదురుచూసిన సుభాషిణిని కాదని సంఘం, ఆమె అక్కా అని పిలిచే రజియాకి ఇచ్చింది. తోకచుక్క దగ్గరకొచ్చే రోజు రానే వచ్చింది. ఈ ఒక్క పూటా ఆవిడ చూడకూడదు అనుకుంది సుభాషిణి. రజియా అనుమతి సంఖ్యలోని గోపురం బిట్టు మీద తనే ఎక్సార్ కొట్టింది. ముందు అదెలా ఉందో చూడను కూడా లేదు. ఒకటి కాక ఇంకేముంటుంది?

మధ్యాహ్నం రజియా గబగబా వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"సుభా! ఆ కుర్చీ నీకే దక్కాలని సంఘానికి రాసిచ్చానే. పొద్దున వాళ్ళే నా బిట్టు సున్నా చేసేశారు. నీకప్పుడే చెప్పొద్దన్నాను. ఊరికే ఆ తలుపు దాకా వెళ్తే తెరుచుకుంది! తోకచుక్కను కళ్ళారా చూశాను. నువ్వే కదూ మళ్ళీ పెట్టావు? ఎంత మంచిదానివే!"

సుభాషిణికి చెవులు వేడెక్కాయి. ఎదుట తెర మీద యంత్రం అడుగుతోంది: 'మార్పుకి కారణం?' ఆమె వేళ్ళు 'కానుక' అని సగం కొట్టేశాయి కూడా. ఆ వేళ్ళని చూసుకుంటే ఆమెకే రోత పుట్టింది.

"తీసేద్దామనే కొట్టానక్కా," అంది తలెత్తకుండా. "నిన్ను చూసి ఓర్వలేక. అది అప్పటికే సున్నా అని తెలీదు."

రజియా మెల్లగా చేయి వదిలేసింది.

"కుర్చీ నీదే. ఇచ్చింది వెనక్కి తీసుకోను," అంది. "అక్కా అని మాత్రం పిలవకు."

ఆవిడ వెళ్ళిపోయాక సుభాషిణి ఆ సగం మాట చెరిపి 'అసూయ' అని రాసింది.

'జాబితాలో లేని కారణం. మళ్ళీ రాయండి,' అంది యంత్రం.

ఆ జాబితా తయారుచేసింది సుభాషిణే. మళ్ళీ అదే మాట రాసింది.