ముప్ఫై రోజుల ముద్ర

1999 డిసెంబరు ఒకటి, బుధవారం. పొద్దున్న పదకొండున్నర.

సింగపూర్ సరిహద్దులోని ఉడ్‌లాండ్స్ చెక్‌పోస్టులో విదేశీయుల క్యూ మెలికలు తిరిగి ఎస్కలేటర్ దాకా వచ్చింది. మలేషియా వైపు జొహోర్ బహ్రు నుంచి వచ్చే బస్సులు ఒకదాని వెనక ఒకటి మనుషుల్ని దింపుతున్నాయి. ఆ క్యూలో నిలబడి ఉన్నాడు సాంబమూర్తి. యాభై రెండేళ్ళు, బట్టతల, చేతిలో ప్లాస్టిక్ సంచి. చూసినవాళ్ళు రిటైరైన హెడ్‌క్లర్క్ అనుకుంటారు. అతను పద్నాలుగు నెలలుగా వెంటాడుతున్న తెల్లవాడు తనకంటే ఆరుగురు ముందు నిలబడి పేపరు చదువుకుంటున్నాడు.

పక్క క్యూలోంచి ఆకుపచ్చ స్కార్ఫ్ కట్టుకున్న ఒకామె వంగింది. ఎంట్రీ కార్డు నింపాలి, పెన్ను ఇస్తారా అని అడిగింది. ఆమె ఎవరో సాంబమూర్తికి తెలుసు. తెలియనట్టు ఉండడమే అతని ఉద్యోగం. జేబులోంచి పెన్ను తీసి, మూత మాత్రం తన దగ్గరే ఉంచుకుని ఇచ్చాడు. ఆమె థాంక్స్ చెబుతూ అతని భుజం మీద చెయ్యి వేసింది.

సాంబమూర్తి నాలుగడుగులు వేశాడు. అయిదోది వేయలేదు.

గుండెపోటు అన్నాడు డాక్టరు. కాలర్ కింద, మెడ వెనక, దోమకాటంత ఎర్రచుక్కను ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం చోవా చూ కాంగ్‌లో, తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో, శ్యామలాదేవి ట్యూషన్ పిల్లల్ని పంపేసి తలుపు వేసింది. ఆ బ్లాకులో ఆమెను లెక్కల ఆంటీ అంటారు. ఢిల్లీలో పేరు చెప్పుకోని ఒక విభాగంలో మాత్రం సింగపూర్ స్టేషన్ చీఫ్ అంటారు. కాకినాడ మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

సోఫాలో కూర్చున్నవాడు నిశాంత్. కరీంనగర్ వాడు, వయసు ముప్ఫై నాలుగు. ప్రస్తుతానికి మారిషస్ పాస్‌పోర్టు మీద నికోలస్ అప్పన్న అనే బట్టల వ్యాపారి. గుబురు గడ్డం, మందపాటి కళ్ళద్దాలు. మూడు నెలలుగా సాంబమూర్తి వెనక బస్సులో వచ్చే రెండో మనిషి అతనే. ఆ రోజు కూడా వెనక బస్సులోనే ఉన్నాడు. అతను దిగేసరికి స్ట్రెచర్ ఎదురొచ్చింది.

"నువ్వంటే నాకు ఇష్టం లేదు. కొలంబోలో నువ్వు చేసిన కంగాళీ ఫైలు నేను చదివాను," అంది శ్యామలాదేవి. "కానీ ఇక్కడ మిగిలింది నువ్వొక్కడివే."

వరసకు చెల్లెలినని చెప్పి ఆమె తెచ్చుకున్న సాంబమూర్తి సామాను టేబుల్ మీద పెట్టింది. పాస్‌పోర్టు, కళ్ళజోడు, బస్సు టికెట్టు, ఒక పెన్ను మూత. పెన్ను లేదు.

తర్వాత ఆమె పని చెప్పింది. ఆ తెల్లవాడి పేరు వెర్నర్. వీసా అక్కరలేని దేశం పాస్‌పోర్టు. సింగపూర్‌లో అడుగుపెట్టగానే ముప్ఫై రోజుల విజిట్ పాస్ ముద్ర పడుతుంది. గడువు తీరేలోపు బస్సెక్కి, సముద్రం మీద రెండు దేశాల్నీ కలిపే కాజ్‌వే రోడ్డు దాటి జొహోర్ బహ్రులో రెండు గంటలు గడిపి తిరిగొస్తే కొత్త ముద్ర, మళ్ళీ ముప్ఫై రోజులు. పని పర్మిట్ లేదు, అద్దె కాగితం మీద పేరు లేదు, ఏ రికార్డులోనూ మనిషి లేడు. పద్నాలుగు నెలలుగా ఇదే వరస. అతని ముఠాకు జొహోర్ బహ్రులో ఒక ల్యాబ్ ఉంది.

వాళ్ళకు కావలసింది సింగపూర్‌లోనే పాయా లేబర్ అనే పేటలో ఉంది. అక్కడ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటుకే పనుల గిరాకీలో, మన తూర్పు తీరంలోని పదకొండు రాడార్ల ప్రోగ్రాంలో తేదీలు సరిచేస్తోంది. అది రాడార్ల కోసమని ఆ కంపెనీకే తెలియదు. డిసెంబరు ముప్ఫై మధ్యాహ్నం మూడు గంటలకు పూర్తయిన టేపును కొరియర్ సీలు వేసి తీసుకుంటాడు. మర్నాటికి అది విశాఖలో ఉండాలి. వెర్నర్ ల్యాబ్ అదే ప్రోగ్రాంకు ఒక కవల టేపు తయారుచేస్తోంది. మూడు గంటలలోపు అది లోపలికొచ్చి అసలు టేపు స్థానంలో చేరితే, కొత్త సంవత్సరం మొదటి ఆరు గంటలు మన తెరల మీద ఖాళీ సముద్రం కనిపిస్తుంది. ఆ ఆరు గంటల్లో ఎవరి పడవలు మన ఒడ్డుకు వస్తాయో ఎవరికీ తెలియదు.

కంపెనీ వాళ్ళను హెచ్చరించవచ్చు కదా అని నిశాంత్ అడిగాడు.

"హెచ్చరిస్తే పోలీసులొస్తారు, ఆఫీసు మూసేస్తారు, అసలు టేపు కదలదు. టేపు రాకపోయినా రాడార్లు ఆగుతాయి. ఇక్కడి ప్రభుత్వానికి చెప్పడానికి మనం ఇక్కడ ఉన్నట్టే వాళ్ళకి తెలీదు. ఆ కవల టేపు సరిహద్దులోనే ఆగాలి. రక్తం లేకుండా."

సాంబమూర్తికి సమాచారం ఇచ్చేది అలీజా అనే అమ్మాయి. లండన్‌లో పుట్టిన హైదరాబాదీ, బ్రిటిష్ పాస్‌పోర్టు. వెర్నర్ ముఠాలో ఉంటూనే మనకు పనిచేస్తోంది. ఇకనుంచి ఆమె నిశాంత్ మనిషి.

వారం తర్వాత, రాఫెల్స్ ప్లేస్ ఫుడ్‌కోర్టులో, లంచ్ వేళ రద్దీలో ఒక టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి, అక్కడివాళ్ళ మాటలో సీటు చోప్ చేసుకుని, అంటే పట్టుకుని, కూర్చున్నాడు నిశాంత్. బ్యాంకుల వాళ్ళు, ప్రోగ్రామర్లు మెడలో బ్యాడ్జీలతో తోసుకుంటున్నారు. అలీజా వచ్చి నిలబడింది. నల్ల సూటు, ఎర్ర లిప్‌స్టిక్, ముడిలో వెండి పిన్ను. చుట్టూ నాలుగు టేబుళ్ళ వాళ్ళు తినడం మరిచిపోయారు.

"ఇక్కడ దోసె దొరకదా?" అందామె. అది కోడ్.

"పొద్దున్నే అయిపోయింది," అన్నాడు నిశాంత్. అది జవాబు.

ఆమె కూర్చుంది. తను క్లయింట్ ప్రతినిధినంటూ పాయా లేబర్ ఆఫీసుకు వెళ్ళి వస్తున్నానని, కవల టేపును ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం బస్సులో వెర్నర్ స్వయంగా తన బ్యాగులో తెస్తాడని, దాన్ని మార్చే పని తనదని, మార్చినట్టు నటిస్తే చాలని చెప్పింది. తాను కూడా అదే బస్సులో ఉంటుందట. తన గడువూ ఆ రోజే తీరుతుందట. ఆమె గొంతులో స్నేహం లేదు. నిశాంత్ గొంతులోనూ లేదు. సాంబమూర్తి సంగతి ఎలా తెలిసిందని అడిగాడు.

"ఆఫీసులో పేపర్ చూసిన. పాపం, అందరికీ సాయం చేసే మనిషి. చచ్చిపోయేటప్పుడు కూడా ఎవరికో పెన్ను ఇచ్చి పోయిండంట."

నిశాంత్ ముద్ద మింగాడు. పేపర్లో వచ్చిన రెండు లైన్లు అతనికి కంఠతా వచ్చు. వాటిలో పెన్ను లేదు. అతని చూపు ఆమె ముడిలో పిన్ను మీదకు వెళ్ళబోయింది. కష్టపడి ఆపుకున్నాడు.

"నమ్మకపోతే మానెయ్యండి. నాకేం ఫరక్ పడదు," అని లేచి వెళ్ళిపోయింది అలీజా.

ఆ సాయంత్రం నిశాంత్ చెప్పింది విని శ్యామలాదేవి పెన్ను మూతను చేతిలో చాలాసేపు తిప్పింది. "అంటే, టేపు వెర్నర్ బ్యాగులో ఉంటుందని ఆమె చెప్పిందంటే, అది ఆమె దగ్గరే ఉంటుందన్నమాట. వాణ్ణి పట్టుకుని మనం చంకలు గుద్దుకుంటుంటే ఆవిడ దర్జాగా దాటిపోతుంది."

"ఇద్దర్నీ ఆపాలె మేడం."

"ఎలా?"

నిశాంత్ తన దొంగ పాస్‌పోర్టు తెరిచి ఆమె ముందు పెట్టాడు. సెప్టెంబరు ఎనిమిది. అక్టోబరు ఆరు. నవంబరు మూడు. డిసెంబరు ఒకటి. అలీజా గడువు కూడా ముప్ఫైనే తీరుతుందంటే ఆమె ముద్రా డిసెంబరు ఒకటిదే; వెంటాడినవాడికీ, పారిపోయినవాడికీ, నటించినదానికీ పడిన ముద్రల తేదీలు ఒకటే.

శ్యామలాదేవి ఆ పేజీ చూసి, తర్వాత అతని ముఖం చూసింది. నువ్వు కూడా మళ్ళీ ఈ దేశంలోకి రాలేవు అంది. తెలుసన్నాడు.

డిసెంబరు ముప్ఫై, గురువారం. ఒంటిగంటా యాభై.

బస్సు దిగినవాళ్ళు పరుగులాంటి నడకతో హాల్లోకి వచ్చారు. వాచీలో అమర్చిన కెమెరా ఉక్కపోతకు మూడో వారంలోనే చెడిపోయింది కాబట్టి నిశాంత్ దగ్గర ఈసారి ఆయుధమంటూ ఏమీ లేదు. నోరు తప్ప. వెర్నర్ ఏడో కౌంటర్ క్యూలో నిలబడ్డాడు. నిశాంత్ వెనకే చేరాడు. అలీజా, చిన్న మేకప్ పెట్టె పట్టుకుని, పదకొండో కౌంటర్‌కు వెళ్ళింది. అక్కడ క్యూ వేగంగా కదులుతోంది.

వెర్నర్ పాస్‌పోర్టు ఇచ్చాడు. కౌంటర్‌లో ఉన్నది యాభై ఏళ్ళ చైనీస్ అధికారిణి. పేజీలు తిప్పింది. నిశాంత్ గీత దాటి ముందుకెళ్ళి వెర్నర్ భుజం మీద చెయ్యేశాడు.

"మేము కలిసే ఉన్నాం మేడం," అన్నాడు ఇంగ్లీషులో, పళ్ళన్నీ కనబడేలా. "ఎప్పుడూ కలిసే వస్తాం. నెలకోసారి అవతల టీ తాగి రావడం. ఇల్లంటూ ఇక్కడే కదా."

వెర్నర్ ఆ చెయ్యి తోసేశాడు. ఈ మనిషెవరో తనకు తెలియదన్నాడు. నిశాంత్ నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, ఇప్పుడు ఇలాగే అంటాడు మేడం అంటూ తన పాస్‌పోర్టు తీసి గాజు కింద తోశాడు. ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టింది. సెప్టెంబరు ఎనిమిది, సెప్టెంబరు ఎనిమిది. అక్టోబరు ఆరు, అక్టోబరు ఆరు. ఆమె వేలు ఒక్కొక్క ముద్ర దగ్గర ఆగుతూ దిగింది.

వెర్నర్ వంగి, పెదాలు కదపకుండా అన్నాడు. "నా బ్యాగులో చొక్కాలున్నాయి, మూర్ఖుడా. నీకు దొరికింది చొక్కాలే."

నిశాంత్ తల తిప్పాడు. పదకొండో కౌంటర్‌లో అలీజా నవ్వుతూ నిలబడి ఉంది. అక్కడి కుర్ర అధికారి ముఖం వికసించి ఉంది. ముద్ర ఎత్తాడు.

"మా ఆవిడ పాస్‌పోర్టు కూడా చూడండి మేడం," అన్నాడు నిశాంత్ హాలంతా వినబడేలా. "అదిగో, పదకొండులో. అలీజా, ఇటు రా. మనమంతా ఒకటేనని ఈ మేడంకి చెప్పు."

అధికారిణి లేచి నిలబడింది. మాండరిన్ చైనీసులో ఒకే మాట అంది. కుర్ర అధికారి చెయ్యి గాల్లోనే ఆగింది. ముద్రకూ కాగితానికీ మధ్య అంగుళం దూరం.

ఆ అంగుళంలో అలీజా ముఖం మారింది. అంత అందమైన ముఖంలో అంత ద్వేషం పట్టగలదని నిశాంత్ అనుకోలేదు.

మూడు పాస్‌పోర్టులూ వరసగా పడ్డాయి. తేదీల కోసం వెతకనక్కర్లేదు, వాటంతటవే వరసలో నిలబడ్డాయి. అధికారిణి గొంతు పెంచలేదు. నా దేశం నీకు హోటల్ కారిడారా, ఒక తలుపులోంచి వెళ్ళి ఇంకో తలుపులోంచి రావడానికి, అని వెర్నర్‌ను అడిగింది. నేనెవరో తెలుసా అన్నాడు వెర్నర్. అది చెప్పడానికి నీకు పద్నాలుగు నెలలు టైమిచ్చాం లా, అందామె, సింగపూర్ వాళ్ళ ఊతపదం చేర్చి.

లోపలి గదిలో సోదా మొదలైంది. రెండూ ఇరవై. వెర్నర్ బ్యాగులో నిజంగానే చొక్కాలున్నాయి. అలీజా మేకప్ పెట్టెలో పౌడరు అర కింద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డేటా టేపు దొరికింది. పాటలు అందామె. లేడీ గార్డు దాన్ని ప్లాస్టిక్ ట్రేలో వేసి, మెటల్ డిటెక్టర్ మోగితే ముడిలో పిన్ను తీయమంది. అలీజా తీయలేదు. గార్డే తీసింది. పిన్ను కొసలోంచి సన్నటి గాజు సూది బయటికొచ్చింది. లోపల పసుపురంగు చుక్క ఉంది.

 నెల కిందట ఇదే హాల్లో కుప్పకూలిన మనిషి అధికారిణికి గుర్తొచ్చినట్టుంది. ఫోనెత్తి, పోలీసుల్ని రమ్మంది.

"నీకెట్ల తెలిసింది?" అని అలీజా తెలుగులో అడిగింది.  నిశాంత్‌కు ఆమె మీద జాలి కలగలేదు. సాంబమూర్తి భార్య లలితకుమారికి గుండెపోటు అనే ఉత్తరం వెళ్ళింది. అది అబద్ధమని ఆమెకు ఎవరూ ఎప్పటికీ చెప్పరు. అతను తల తిప్పుకున్నాడు. భర్తగా ఏదైనా చెబుతావా అని గార్డు అడిగితే, పొరబాటు పడ్డాను, చూస్తే మా ఆవిడలా ఉంది, కాదు అన్నాడు.

మూడూ నాలుగుకు జేబులో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. రెండు రింగులంటే పాయా లేబర్ నుంచి అసలు టేపు సీలుతో బయల్దేరింది.  

అలీజాను ఉంచేసుకున్నారు. మిగిలిన ఇద్దర్నీ ఎస్కార్టుతో బస్సెక్కించి కాజ్‌వే మీదుగా వెనక్కి పంపారు. ఒకే సీటులో, భుజాలు రాసుకుంటూ, కిలోమీటరు పొడవునా శత్రువులిద్దరూ సముద్రం చూశారు. జొహోర్ బహ్రులో దిగుతూ వెర్నర్, నిన్ను మళ్ళీ కలుస్తాను అన్నాడు. సింగపూర్‌లో మాత్రం కాదు అన్నాడు నిశాంత్, జనంలో కలిసిపోతూ.

టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఎంట్రీ నిరాకరించిన కాగితం మొదటిసారి తీరిగ్గా చదివాడు. కారణం అన్న చోట ఆ అధికారిణి గుండ్రటి అక్షరాలతో రాసింది: నాలుగు నెలలుగా ఇక్కడే ఉన్నా ఈ మనిషి ఏ పనీ చేస్తున్నట్టు కనిపించడం లేదు.

గూఢచారిగా పదకొండేళ్ళ సర్వీసులో అంత మంచి సర్టిఫికెట్టు అతనికి ఇంతవరకు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.