లోహనేత్రం ఎటు చూసింది?

కెమెరా అద్దాలు తుడవాలి. రోలర్ల మీద పడే నీళ్ల ధారలు సరిచూడాలి. కొలిమి వేడి పెంచాలి. ఆపరేటర్లు కూర్చుని పట్టీని గమనించే అద్దాల గదిలోంచి మనుషులందర్నీ బయటికి పంపెయ్యాలి.

ఆఖరి పనే సువర్చలకు కష్టమనిపించింది. 2086లో, భీమిలి అవతలి ఉక్కు మిల్లులో మనుషులు లేకుండా జరగబోయే మొదటి పరీక్ష అది. లోహనేత్రం ఆమె తయారుచేసిన యంత్రదృష్టి. ఎర్రగా కాలిన ఉక్కు పట్టీ రోలర్ల మధ్య రైలులా దూసుకొస్తుంటే, సెకనుకు పదివేలసార్లు చూసి, మందం, రంగు, వంపు లెక్కగట్టి, మనిషి రెప్ప వేసేలోగా రోలర్లను సరిదిద్దేది. నిప్పుల నదిని కనపడని చెయ్యేదో నిమురుతున్నట్టుండేది. ఎన్నిసార్లు చూసినా సువర్చలకు ఒళ్లు పులకరించేది. అది వచ్చాక ఒక్క పట్టీ కూడా దారితప్పి ఎగరలేదు. ఈ పరీక్ష నెగ్గితే ఇక ఏ మిల్లులోనూ మనిషి ఆ నిప్పు పక్కన నిలబడక్కర్లేదు.

"లెగు బావా, నీ ఒణుకుడికి ఇయాల్టితో సెలవు!" అన్నాడు ఆపరేటర్ సింహాద్రి, పక్క సీట్లోని ఎర్రయ్య వీపు తట్టి.

వయసులో ఉన్నప్పుడు, పట్టీ ఎగిరిపడి తోటివాడు కాలిపోవడం ఎర్రయ్య కళ్లారా చూశాడు. అప్పట్నుంచీ ప్రతి పట్టీకీ బిగుసుకుపోతాడు. మిల్లంతా పిరికి ఎర్రయ్య అంటుంది.

"నవ్వండ్రా, నవ్వండి" అంటూ బయటికి నడిచాడాయన.

కొలిమి నుంచి మొదటి పట్టీ వచ్చింది. లోహనేత్రం రోలర్లను ఆపేసింది.

"ఎందుకాపావు?" దూరంగా తెర ముందున్న సువర్చల మైకులో అరిచింది.

"ఎర్రయ్యగారు కనిపించడం లేదు" అంది లోహనేత్రం స్పీకర్లోంచి.

"నువ్వు చూడాల్సింది ఉక్కును!"

"ఉక్కు కనిపిస్తోంది. దాని వెనక అద్దాల గది కూడా మొదట్నుంచీ కనిపిస్తోంది. పట్టీ వంకరపోయే ముందు ఆయన మొహం ముడుచుకుంటుంది. అది చూసే నేను సరిదిద్దుతాను."

"మిగతావాళ్ల మొహాలో?"

"వాళ్లు నన్ను నమ్మి, పట్టీని చూడడం మానేశారు. ఆ గదిలో కూర్చున్నప్పుడు మీరు కూడా."

సువర్చల మైకు కట్టేసింది. తనే వెళ్లి ఎర్రయ్యను పిలుచుకొచ్చింది.

"నానేటి సేసానమ్మా? బయపడ్డానంతే" అన్నాడాయన.

సింహాద్రి ఈసారి నవ్వలేదు. ఆయన వెనకే వచ్చి, తన కుర్చీ కూడా అద్దం ముందుకు జరిపాడు. పట్టీ కదిలింది.

రిటైరయ్యేదాకా ఎర్రయ్య ఆ గదిలోనే కూర్చున్నాడు. ఆయన మొహం చూసి ఎప్పుడు భయపడాలో లోహనేత్రం పూర్తిగా నేర్చుకుంది. ఇప్పుడు మిల్లుల్లో నిప్పు పక్కన మనుషులు లేరు. ఎర్రయ్యా లేడు. మీరెక్కే రైలూ, మీ ఇంటి తలుపు గడియా ఆ ఉక్కే. చెయ్యి తగిలినప్పుడు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.