మూలమీది ఇంటి సంతకం

తెల్లారి ఏడు కాకముందే వాడలో సాంచెలు మొదలయ్యాయి. సాంచెలంటే మరమగ్గాలు. అరవై రెండిళ్లలో ఇంటికి నాలుగో ఆరో ఉంటాయి. కొత్త మనిషికి ఆ చప్పుడులో తల పగిలిపోతుంది. వాడవాళ్లకు మాత్రం అది ఆగితేనే గుండె గుభేలుమంటుంది.

"బిడ్డా, చాయ్ పొయ్యమను మీ అవ్వను" అన్నాడు పరశురాములు, కూతురు కావ్యతో.

మీ అవ్వ అనబడిన కనకవ్వ నాలుగడుగుల దూరంలోనే అటు తిరిగి కూచుని, వాడిన కండెల మీద మిగిలిన నూలు తీస్తోంది. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన కావ్యకు ఏడో నెల. నడుం పట్టుకుని లేచి, తల్లి ఎదురుగా వెళ్లి కూచుంది.

"అవ్వా, బాపు చాయ్ అడుగుతుండు."

కనకవ్వ కూతురి ముఖంలోకి చూసి, తలాడించి లేచింది. పరశురాములుకు ఒళ్లు మండింది. అంత దగ్గర నుంచి తన మాట వినబడలేదా? నాలుగు నెలలుగా ఇదే వరస. అప్పట్లో వెనకనుంచి మూడుసార్లు పిలిస్తే ఆమె తిరిగి చూడలేదు. ఇంత రువాబా అనుకుని తనూ పలకడం మానేశాడు. ఏమైందే అని ఒక్కసారి ఎదురొచ్చి అడిగితే నోటి ముత్యాలు రాలేవా? అడగలేదు. మగాడి పంతం మరి!

ఆ రోజు అతని మనసు నిలకడగా లేదు. వాడ చివర, నూలుకు గంజి పట్టించే పాత సైజింగ్ మిల్లు పడగొట్టి అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతామని ఒక బిల్డర్ దిగాడు. పదకొండింటికి మున్సిపాలిటీలో అభ్యంతరాలు వింటారట. అవతలి వాడలో అట్లాగే కట్టారు. కొనుక్కొచ్చినవాళ్లు రెండేళ్లు తిరక్కముందే చప్పుడని ఫిర్యాదు పెట్టారు. ఇప్పుడక్కడ పొద్దూకితే సాంచెలు బంద్. సగం కూలి పోయి, సగం మంది ఊరే వదిలి పోయారు.

ఇక్కడ బిల్డర్‌కు ఒక్కటే అడ్డు. మూలమీదున్న పరశురాములు ఇల్లు తీస్తేనే లారీ తిరుగుతుంది. అందుకే ఎవరూ జాగా ఇవ్వొద్దని ఇంటింటికీ తిరిగి, చేతిలో చెయ్యి వేయించుకున్నది అతనే.

తొమ్మిదింటికి పక్కింటి సాంబయ్య ఉరికొచ్చాడు. అప్పటికి పరశురాములు సాంచెలన్నీ వేసి ఉన్నాడు. ఆ మోతలో మాటలు వినబడవు కాబట్టి సాంబయ్య నోరు పెద్దగా తెరిచి పెదవులతో చెప్పాడు, ఫోన్ చేతిలో పెట్టాడు. సాంచెల కాడ అందరూ మాట్లాడుకునేది అట్లనే. ఫోన్‌లో ఒక కాగితం ఫొటో. మూలమీది ఇల్లు ఇచ్చి, బదులుగా మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ తీసుకోవడానికి సమ్మతి. కింద వంకరటింకర అక్షరాల్లో కనకవ్వ సంతకం. ఇంటి పట్టా ఆమె పేరు మీదే ఉంది.

పరశురాములుకు తల కొట్టేసినట్టయింది.

"కనకవ్వా!" అని అరిచాడు. ఆమె గడపలో, మళ్లీ అటు తిరిగి, కండెలు ముందేసుకుని ఉంది. అతను పోయి స్విచ్ కొట్టాడు. ఆరు సాంచెలు ఒక్కసారే ఆగిపోయాయి.

"నిన్నేనే! వాడందరి కొంప ముంచుతవా?"

ఆ కేకకు సాంబయ్య ఉలిక్కిపడ్డాడు. లోపలి అర్రలోంచి కావ్య బయటికొచ్చింది. కనకవ్వ మాత్రం దారం లాగుతూనే ఉంది. కాసేపటికి ఏదో తేడా తోచినట్టు చేయి ఆపి, అరచెయ్యి నేలమీద ఆనించింది. నేల అదరడం లేదు. అప్పుడు వెనక్కి తిరిగింది.

"కరెంటు పోయిందా?" అంది.

సాంబయ్య కళ్లు కిందికి దించుకుని, "నేను బయటుంటనే అన్నా" అని వెళ్లిపోయాడు.

"అవ్వకు ఇనస్తలేదు బాపూ" అంది కావ్య ఏడుస్తూ. "పోయిన నెల నాతోని కరీంనగర్ వస్తే డాక్టర్‌కు చూపించిన. ఎడమ చెవి మొత్తం పోయిందట. కుడిది జరంత ఉన్నదట. అదన్న మిగలాలంటే గీ సప్పుడుకు దూరముండాలె అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది."

"ఎందుకు చెప్పొద్దు?" అతను భార్య ఎదుట గొంతుక్కూచున్నాడు. "ఎందుకే?"

కనకవ్వ అతని పెదవులనే చూస్తోంది.

"చెప్తే ఏంజేస్తవ్? సాంచెలు బంద్ వెడ్తవా? బంద్ వెడ్తే తినేదేంది? చెప్పకుంటే చెవు పాయె. రెండు దిక్కుల గోడే ఉన్నది, నేనేడికి పోవాలె?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా ఫ్లాట్ మూడో అంతస్తట. తలుపేస్తే సప్పుడుండదన్నరు. పిల్ల కాన్పయ్యి, గా పసిగుడ్డు ఏడిస్తే నాకు ఇనాలె. పక్కన పండుకోని, పసిపిల్ల ఏడుపు ఇనని అమ్మమ్మ ఉంటదా?"

"వాడంత ఆగమైతదని తెల్వదా?"

"సంతకం పెట్టినంక తెలిసింది. నువ్వు సాంబయ్యతోని అంటుంటే నీ పెదవులు జూసి తెలుసుకున్న. గప్పటిసంది ముద్ద దిగుతలేదు."

పరశురాములు తల పట్టుకున్నాడు. పదకొండింటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి? సంతకం ఉంటే అరవై రెండిళ్లు పోతాయి. సంతకం తీస్తే ఈమె చెవి పోతుంది. ఎటు కదిలినా తనవాళ్ల మీదే కాలు పడుతుంది.

"నాలుగు నెలల సంది నువ్వు పలుకుతలేవని కోపానున్న. నాకెట్ల తెలుస్తదే?"

"నీకెట్ల తెలుస్తది! పెదవులు జూసి మాట్లాడుడు పెండ్లయిన కొత్తల నువ్వే నేర్పితివి గీ సాంచెల కాడ. మంచిగ నేర్పినవ్, ఎవ్వరికి దొరకలే." నవ్వబోయి, నవ్వలేకపోయింది. "దగ్గర కూసోని మాట్లాడితే కావ్య గొంతు జరంత ఇనస్తది. వాడల ఆడోళ్లవి గూడ చెవుకాడ అరిస్తే ఇనస్తది. నీ గొంతే ఇనస్తలేదయ్యా. అన్నిటికంటే ముందుగాల నీ గొంతే పోయిందనుకున్న. రోజూ వేములవాడ రాజన్నకు మొక్కుతున్న, గదొక్కటి తిరిగియ్యమని."

పరశురాములుకు అప్పుడర్థమైంది. గొంతు పోలేదు. తనే ఇవ్వలేదు. ఈ పిచ్చిది లేని గొంతు కోసం దేవునికి మొక్కుకుంటూ ఉంటే, తను పంతం పట్టి ఊరుకున్నాడు.

"పోలేదే... నేనే మాట్లాడలేదే" అన్నాడు. అతని పెదవులు వణుకుతుంటే ఆమెకు అర్థం కాలేదు. అతను మోకాళ్ల మీద జరిగి, ఆమె కుడిచెవి దగ్గర నోరు పెట్టి పిలిచాడు.

"కనకవ్వా!"

ఆమె రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని బావురుమంది.

"ఇనచ్చింది. అయ్యో, ఇనచ్చిందయ్యా! ఇంకోపారి పిలువు."

ఇంకోసారి పిలిచాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచాడో అతనికే తెలియదు. కావ్య గోడకానుకుని ఏడుస్తోంది.

కాసేపటికి కనకవ్వే కళ్లు తుడుచుకుంది. "నడువు. నేను పెట్టిన సంతకం నేనే వాపస్ తీసుకుంటనని మున్సిపాలిటీ సారుకు చెప్త."

"మరి నువ్వు?"

అతను ఆగి ఉన్న సాంచెల వైపు చూశాడు. ఆరింటిలో రెండు తన తండ్రి వేసినవి.

"గా రెండు అమ్ముత. వేములవాడ బాట మీద ఒక అర్ర కిరాయికి తీసుకుందాం. నువ్వు, బిడ్డ ఆడనే ఉండాలె. నేను పనయినంక వస్త. కండెలు చుట్టేటందుకు ఎవరినన్న పెట్టుకుంట."

"నాలుగిటితోని ఇల్లు ఎల్లుతదా?"

"తెల్వది" అన్నాడు నిజాయితీగా. "ఎల్లాలె."

సాంబయ్య అరుగు మీంచి, "టైం అయితుందే అన్నా" అని కేకేశాడు.

వాడలో ఇంటింటా సాంచెలు మోగుతూనే ఉన్నాయి. ఎప్పుడు బయటికి వెళ్లినా పరశురాములు నాలుగడుగులు ముందు నడుస్తాడు, కనకవ్వ వెనక వస్తుంది. పెళ్లయిన నాటినుంచీ అంతే. ఆ రోజు అతను గడప దాటి రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, ఆమె కుడిపక్కకు చేరి, పక్కపక్కనే నడిచాడు. మున్సిపాలిటీ ఆఫీసు దాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు.